చర్చి కుక్కర్ వంతు

మార్లా, ఆ మిస్టీ వచ్చి బీన్స్ సీసాలు పెట్టుకోవడానికి కుక్కర్ అడిగితే లేదన్నావట, నిజమేనా? నీ వసారాలో ఇంత లావు కుక్కర్ పెట్టుకుని మొహం మీదే లేదన్నావా? సరేలే, ఆ బుట్ట ఇటు జరుపు, చేతులు ఖాళీగా ఉంటే నాకు నోరు ఎక్కువవుతుంది. ఈ బీన్స్ ఈనె ఇలా కొసనుంచి లాగాలే, మధ్యలో తుంచితే సగం లోపలే ఉండిపోతుంది. ఏమన్నావ్? "ఆవిడకి గంగాళం ఉందిగా, పాతకాలం వాళ్లలా నీళ్లలో ఉడకేసుకుంటుందిలే" అనా? ఆవిడతో కూడా ఇదే మాట అన్నావా? అయ్యో తల్లీ! ఆ కుళాయి కట్టెయ్. సీసాలు తర్వాత కడుగుదువుగాని. కట్టమంటున్నానా!

మీ అమ్మమ్మ ఎలా పోయిందో మీ అమ్మ ఎప్పుడైనా చెప్పిందా? పక్షవాతమా? మీ అమ్మ రూతీ అలా చెప్పిందన్నమాట. చెప్పక ఏం చేస్తుంది పాపం. మీ అమ్మ జన్మలో బీన్స్ ముట్టుకోవడం చూశావా నువ్వు? చూడవు. చూడలేవు. అయితే విను, మీ అమ్మమ్మ, అదే మా అక్క ఆర్ఫా ముచ్చట నేను చెబుతాను.

ఈ వాగు పొడుగునా ఉన్న ఇళ్లలో మా ఆర్ఫా అంత బాగా చలికాలానికి బీన్స్ సీసాల్లో నిలవపెట్టే ఆడది లేదు. సొంత అక్క అని చెప్పట్లేదు, పడనివాళ్లు కూడా ఒప్పుకున్న మాట. ప్రతి సీసా అంచు చుట్టూ చిటికెన వేలు తిప్పేది, కంటికి ఆనని పెచ్చు కూడా దాని వేలికి తగిలేది. "దీనికి పన్ను ఊడిందే" అని పక్కన పెట్టేసి, అందులో గుండీలు పోసుకునేది. ఉడికిన సీసాలు బల్ల మీద గుడ్డ కప్పి ఆరబెడితే, చల్లారేకొద్దీ మూతలు ఒక్కొక్కటీ టక్కుమని లోపలికి లాక్కుంటాయి చూడు, ఆ చప్పుడు దానికి సంగీతం. ఓసారి పాస్టరు గారు మా వంటింట్లో ప్రార్థన చేస్తుంటే మధ్యలో వేలెత్తి "ష్! ఇంకోటి మూసుకుంది" అంది. ఆయన ఆమెన్ కూడా మింగేశాడు! అలాంటి మనిషి.

అప్పట్లో ఇంటింటికీ కుక్కర్ ఎక్కడిది? చర్చి ఆడవాళ్లు బొంతలు కుట్టి అమ్మి ఒక్కటంటే ఒక్కటి కొన్నారు. దాన్నే చర్చి కుక్కర్ అనేవాళ్లం. వాగు పైనుంచి కిందికి ఇంటింటికీ వంతు. మా విత్తనాలు కూడా ఆ వంతు చూసుకునే వేసేవాళ్లం, పై ఇళ్లవాళ్లు ముందు, కింది ఇళ్లవాళ్లు తర్వాత, కుక్కర్ గుమ్మంలోకి వచ్చేసరికి కాయ లేతగా చేతికొచ్చేట్టు. నవ్వకు, అలాగే వేసేవాళ్లం. చర్చి పెత్తనమంతా ఇడెల్లాది. పాస్టరు గారి భార్య. మంచిదే, మంచిది కాదని నేననను. ఎవరింట్లో కానుపైనా ముందు ఆవిడే ఉండేది.

ఆ ఏడు గనిలో సమ్మె. మొగవాళ్లంతా గేటు దగ్గర కూర్చున్నారు. మీ తాత క్లేబు కూర్చుని కూర్చుని, అప్పటికి పసివాడైన మీ మావయ్యకి దగ్గు పట్టుకుని ఊపిరందక నీలంగా అయిపోతుంటే, కంపెనీ డాక్టరు కావాలంటే పనిలోకి రావాలన్నారని, తలవంచుకుని గేటు దాటి గనిలోకి దిగాడు. తప్పే. నేను అప్పుడూ తప్పేనన్నాను, దాని ఎదురుగానే అన్నాను. "నీ మొగుడు మా అందరి కంచాల్లో మన్ను పోశాడే" అన్నాను. అది పిల్లాడి వీపు నిమురుతూ కూర్చుంది. పిల్లాడు బతికాడు. వాగు మాత్రం ఆ ఇంటితో మాట్లాడడం మానేసింది.

ఇక బీన్స్ కాలం వచ్చింది. ఇద్దరాడవాళ్లు కుక్కర్‌కి చెరో చెవి పట్టుకుని కిందికి దిగారు. ఆర్ఫా గుమ్మంలో నిలబడింది, సీసాలన్నీ తోమి, బోర్లించి, పొయ్యి కూడా రాజేసి. వాళ్లు దాని ముందునుంచే నడిచి పక్కింటికెళ్లారు. ఆగలేదు. తల తిప్పలేదు. నేను అప్పటికి పెళ్లయి అవతలి లోయలో కాపురం ఉండేదాన్ని, సంగతి తెలిసి పరుగెత్తుకొచ్చి తిన్నగా ఇడెల్లా ఇంటికెళ్లాను. "కుక్కర్ మీది ఒత్తిడి ముల్లు సరిగ్గా లేదు వెస్టా, బాగుచేయించాలి" అంటుంది. ఆర్ఫా పక్కింట్లో అది బుసకొడుతుంటే వస్తూ వస్తూ నా చెవులారా విన్నాను! అదే అన్నాను. అప్పుడు బయటపడింది మాట. "గనికెళ్లే మొగుడుండగా దానికేం కరువమ్మా, కంపెనీ కొట్లో డబ్బాకూరలు కొనుక్కోమను!" నేనూరుకుంటానా? "సమ్మె చేసింది మనుషులు కదా ఇడెల్లక్కా, బీన్స్ ఎప్పుడు చేరాయి గని సంఘంలో?" అన్నాను. అక్కడున్న ఆడవాళ్లు నోటికి చేతులడ్డం పెట్టుకుని నవ్వారు. ఆవిడ మొహం మాడిపోయింది. గెలిచాను మార్లా. వాదనలో గెలిచి, ఒట్టి చేతులతో కొండ దిగాను. గెలుపుతో ఒక్క సీసా ఉడకదు.

కాయ ఎవరికోసం ఆగుతుంది? పాదుమీదే తోలులా ముదురుతోంది. ఆర్ఫా చూసి చూసి పెరట్లో రాళ్లపొయ్యి పెట్టి, బట్టలు ఉడకేసే గంగాళం ఎక్కించింది. మా నాయనమ్మ అలాగే చేసేది, ఎవరూ చావలేదు, అదీ దాని ధైర్యం. పొద్దుటినుంచి పొద్దుగూకేదాకా కట్టెలు ఎగదోస్తూనే ఉంది, కళ్లు పొగచూరిపోయాయి. మూతలన్నీ చక్కగా టక్కుటక్కుమని మూసుకున్నాయి. అదే మోసం. పాడైతే మూత ఉబ్బుతుందనీ, కంపు కొడుతుందనీ అంటారుగా? ఒక్కోసారి ఏమీ ఉండదు. ఏమీ!

మంచు పడే రోజుల్లో ఓ మధ్యాహ్నం సీసా తెరిచింది. రెండు కాయలు చల్లగానే నోట్లో వేసుకుని "ఉప్పు చాల్లేదు" అందట. అంతే. పందికొవ్వు వేసి మిగతావి పొయ్యి మీద పెట్టింది, జొన్నరొట్టె ఇంకా కాలలేదని చాలాసేపు కుతకుత ఉడకనిచ్చింది. పిల్లలు తిన్నారు, క్లేబు తిన్నాడు. వాళ్లకేం కాలేదు. మర్నాడు ఆర్ఫా క్లేబుని చూసి, "ఏంటయ్యా, ఇద్దరుగా కనబడుతున్నావు?" అంది. "ఒక్కడితోనే వేగలేకపోతున్నానంటావు, ఇంకోడిని కూడా తెచ్చుకున్నావా?" అన్నాడు వాడు. ఇద్దరూ నవ్వుకున్నారు. ఆ ఇంట్లో అదే ఆఖరు నవ్వు. సాయంత్రానికి రెప్పలు లేవట్లేదు, మాట ముద్దముద్దగా వస్తోంది, నీళ్లు మింగుడుపడట్లేదు. వాగులో ఏమన్నారో తెలుసా? "ద్రోహం డబ్బులు వచ్చాయిగా, సారా కూడా వచ్చినట్టుంది" అన్నారు. కొండ అవతల ఆసుపత్రికి తీసుకెళ్లాం. తెలివి ఉంది దానికి, మార్లా. అన్నీ వింటోంది. మీ అమ్మ పేరు చెబితే కంటి కొసనుంచి నీళ్లు కారాయి. ఊపిరి తీసుకునే సత్తువే లేకుండా పోయింది. ఊపిరి తీసుకోవడం కూడా ఒక చాకిరీయేనని నాకప్పుడే తెలిసింది.

డాక్టరు తర్వాత చెప్పాడు, అది మట్టిలో ఉండే క్రిమట. నీళ్లు ఎంత మరిగినా దాని గింజ చావదు, కుక్కర్ ఒత్తిడికే చస్తుంది. బతికిందా, మూసిన సీసాలో కూర్చుని విషం కక్కుతుంది. తినేముందు బాగా ఉడికిస్తే ఆ విషం విరుగుతుంది, అందుకే పిల్లలు దక్కారు. రుచి చూసిన తల్లి పోయింది.

శవం ఇంట్లో ఉండగానే వాగు వాగంతా వచ్చింది, మూతపెట్టిన గిన్నెలతో, కేకులతో. అంతమంది వండిపెట్టారు! అంతా అయ్యాక ఇడెల్లా ఏడుస్తూ వచ్చి చర్చి కుక్కర్ వసారాలో పెట్టి వెళ్లిపోయింది. క్లేబు దాన్ని ముట్టుకోలేదు. వానల్లో అక్కడే పడి ఉంది, వసంతంలో ఓ కోడి అందులో పొదిగింది. ఎవరిని తిట్టను నేనిప్పుడు? ఆర్ఫా, ఇడెల్లా ఒకే గట్టుమీద పక్కపక్కనే ఉన్నారు, ఇద్దరి మీదా ఒకే గడ్డి.

తెలుసు. నీ అన్న డస్టిన్ మత్తుమాత్రలు అమ్ముతున్నాడని పోలీసులకి చెప్పింది మిస్టీ మొగుడే. డస్టిన్ జైల్లో ఉన్నాడు, వాడి పిల్లలు నీ ఇంట్లో ఉన్నారు. నీ కడుపుమంట నాకు తెలియదా? ఆ మిస్టీ మొగుణ్ని క్షమించమని నేనంటున్నానా? జన్మంతా తిట్టుకో, నేనూ వంతపాడతాను. కానీ ఆ సీసా మూత తీసి ముందు రుచి చూసేది ఎవరే? వాడా?

అలా చూడకు. నాకేం ఆశ లేదు. ఇంత వయసొచ్చింది, ఎవరైనా ఒకరి మాట విని బాగుపడగా నేను చూడలేదు. నువ్వూ రేపు చూద్దాంలే అంటావు, రేపటికి ఆవిడ గంగాళం ఎక్కిస్తుంది. నీ బీన్స్ ఒక్క రోజు ఆగినా చస్తాయా? గోనెపట్టా కప్పు. కుక్కర్ దించు. అది బరువే, నేనో చెవి పట్టుకుంటాను. ట్రక్కు తాళాలు తియ్యి. అక్కడ పెట్టేసి వచ్చేయడం కాదు, ఆవిరి ఎలా వదలాలో, ముల్లు ఎక్కడ నిలవాలో దగ్గరుండి చూపించి, మొదటి విడత దిగేదాకా ఆవిడ పక్కన కూర్చో. మాట్లాడకపోతే మానెయ్, కూర్చో చాలు. లేవవే మార్లా.