నిలబడ్డ బండి మసి

ఇంటి వెనక లారీ క్యాబిన్ ముందుకు వంచి ఉంది. మెకానిక్ పని నేర్చిన కూతురు ఇంజన్ మీదికి వంగి, గాలి లోపలికి పోయే వాల్వుల మీది మసిని బ్రష్షుతో గీకుతోంది. లారీ తోలే తండ్రి టార్చి పట్టుకుని పక్కనే నిలబడ్డాడు.

"పక్క దానికి కొట్టు నాన్నా లైటు. ఇది అయిపోయింది."

"దానికే కొడుతున్నానే."

"ఇంకాస్త ఇటు. ఆఁ. చూశావా, దారే పూడుకుపోయింది. బండి బాగా తిరిగిందా?"

"తిరగకేం. రెండు నెలలుగా ఒకటే లోడ్లు, ఊపిరి తిప్పుకోనిస్తేనా!"

బ్రష్షు ఆగింది.

"తిరిగే బండికి ఇంత మసి పట్టదు నాన్నా. ఒకచోట నిలబెట్టి, గంటలకొద్దీ ఇంజన్ ఆన్‌లో వదిలేస్తేనే ఇలా తయారవుతుంది."

"నీ పనితనమంతా నా మీదే చూపిస్తావేంటే?"

"ఎక్కడ నిలబెడుతున్నావు?"

తండ్రి టార్చిని ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు.

"మూతపడ్డ మిల్లు వెనకాల. ఎదురొచ్చే బండి ఒక్కోసారి రెండుగా కనిపిస్తోందమ్మా. ఎవరినైనా గుద్దేస్తానేమోనని ఒకటే దడ."

ఆమె టార్చి వంక చూసింది. వెలుగు మళ్లీ తుడిచేసిన వాల్వు మీదే పడుతోంది.

"అమ్మకి తెలుసా?"

"తెలీదు. పొద్దున్నే క్యారియర్ కట్టిస్తుంది. అక్కడే తిని, సాయంత్రం వచ్చేస్తాను."

"కూర్చుంటే కూర్చున్నావు, ఇంజనన్నా ఆపుకోవచ్చుగా?"

"ఆపి చూశానమ్మా ఓ రోజు. ఆ చప్పుడు ఆగేసరికి, ఇక తోలింది చాలు, దిగి ఇంటికి పోవయ్యా అని బండే నాతో అన్నట్టుంది."