రన్‌వే మీద ఓలి ఆవులు

బోట్స్వానాలో, ఒకవాంగో చిత్తడినేల అంచున ఉన్న చిన్న విమానాశ్రయం మీద కుర్ర పైలట్ విమానం ఇంకా చక్కర్లు కొడుతూనే ఉంది. కింద టవర్‌లో మైకు పట్టుకున్నది గొరాటా మేనమామ. ఆయన ఊఁ అంటేనే గొరాటాతో అతని పెళ్ళి. ఆడపిల్లవారికి ఆవుల రూపంలో ఇచ్చే ఓలి సంగతి తేల్చుకోవడానికి అతను పెద్దనాన్నను వెంటబెట్టుకొస్తున్నాడు.

"టవర్, ఇంకా ఎంతసేపు? మగపెళ్ళివారిని గుమ్మం బయట నిలబెట్టడం మన ఆచారమే గానీ, ఆకాశంలో కూడానా?"

"ఆచారం కాదయ్యా. రన్‌వే మీద ఆవులున్నాయి."

"ఎవరివి?"



"నిన్న ఓలి కింద నువ్వు తోలించినవే. మా దొడ్డి కంచె దూకొచ్చాయి."

"దూకాయా? బక్కవి, నాలుగడుగులు వెయ్యలేవు, వెనక్కి తోలుకుపొమ్మని మీరేగా అన్నారు, మామగారూ?"

"రేడియోలో మామగారేంటి? టవర్ అను."

"సరే, టవర్. ఇప్పుడేం చేస్తున్నాయవి?"

"పరిగెడుతున్నాయి. ఫైరింజన్ తరుముతోంది."

"అందుకుందా?"

"లేదు."

"రన్‌వే మీద ఏముందో ఉన్నదున్నట్టు పైలట్‌కి చెప్పాలి కదండీ. ఆవులెలా ఉన్నాయి? ఇదంతా రికార్డవుతోంది."

వెనక సీట్లో పెద్దనాన్న వాంతి సంచి పక్కన పెట్టి, రేడియో వైపు చెవి ఒగ్గాడు.

"బలంగానే ఉన్నాయి."

"మళ్ళీ చెప్పండి, టవర్."

"బలంగా ఉన్నాయి! పంపినవాడిలాగే పొగరుగా కూడా ఉన్నాయి!"

కాసేపటికి రన్‌వే ఖాళీ అయింది.

"తూర్పుగాలి, నెమ్మదిగానే ఉంది. ఇక దిగు. జాగ్రత్త, అల్లుడూ."

"రేడియోలో అల్లుడేంటండీ, టవర్?"