హార్మోనియం మెట్టు మీద వేలు

ఏమన్నాడూ మీ డైరెక్టరు? చెరసాల పాట వచ్చేసరికి రాణి నడుచుకుంటూ వెళ్ళి హార్మోనియం పక్కన నిలబడాలా? ఎందుకని అడిగితే అది సంప్రదాయం, చెప్పింది చెయ్యమన్నాడా? బాగుంది. కూర్చో ఇలా. ఆ సంప్రదాయం పుట్టిన సాయంత్రం నేను పక్కతెర చాటున నోట్లో నాలుగు పిన్నులు కరుచుకుని నిలబడి ఉన్నాను. మీ డైరెక్టరు అప్పటికి ఇంకా పుట్టనేలేదు. కాళ్ళు పైకి పెట్టుకో, నేల చల్లగా ఉంది. అదంతా మా పెద్దమ్మ చేసిన పని. మా అమ్మకి అక్క. నువ్వెలాగూ చూడలేదు, మీ అమ్మకి కూడా లీలగా గుర్తుంటుందేమో. ఇరవై ఏళ్ళు ఒకే నాటకాల కంపెనీలో రాణి వేషం కట్టింది. బయట చూస్తే నమ్మవు, సన్నగా, పొట్టిగా, సంచీ పట్టుకుని కూరలు బేరమాడుతూ ఉండేది. వేషం వేసుకుని నోరు తెరిచిందా, ఇక అంతే.

ముందు శ్రుతి అంటే ఏమిటో చెప్పనీ. నీకు తెలుసులే, తెలిసినా విను, ముప్ఫై ఏళ్ళు పాఠాలు చెప్పిన నోరు, మధ్యలోంచి మొదలుపెట్టమంటే పెట్టలేదు. మేడ మెట్లు అనుకో. ఒకరు రెండో మెట్టు మీద నిలబడి పాట ఎత్తుకుంటారు, ఒకరు అయిదో మెట్టు మీద. పాట అదే, మనిషి నిలుచునే చోటే వేరు. పెద్దమ్మది అయిదు. ఆ రోజుల్లో మైకులేవీ? అంత పైన నిలబడి పాడితేనే వెనక బెంచీవాడికి వినపడేది. అలాంటి మనిషికి మెడలో కంతి లేచింది. కోసి తీసేశారు. కుట్లు విప్పుతూ డాక్టరు, "మాటకేం లోటు లేదమ్మా. పై గొంతు మాత్రం మర్చిపోండి" అన్నాడట, పన్ను పీకినంత తేలిగ్గా.

కంపెనీ యజమాని పళ్ళు పట్టుకుని చూడ్డానికొచ్చాడు. ఆయన మాట ఎలా ఉండేదంటే, కొంచెం ముక్కుతో, "అక్కయ్యగారూ, మీరు మా కంపెనీకి తల్లిలాంటివారు. అందుకని ఇకమీదట తల్లి వేషం కట్టండి. పాటల్లేవు, పద్యాల్లేవు, హాయి!" పెద్దమ్మ, "హాయి కావాలంటే ఇంట్లో మంచం ఉంది, దానికి రంగెందుకు పూసుకోవడం?" అంది. ఆయన లేవబోయాడు. అప్పుడు చెప్పింది. "ఎనిమిది నెలలు ఆగండి. నాకొక్క ఆట ఇవ్వండి. అందులో చెరసాల పాట నిలబెట్టలేకపోతే తల్లి వేషమే కాదు, తెర లాగమన్నా లాగుతాను." సరేనన్నాడు. ఎనిమిది నెలలకి ఆవిడే మర్చిపోతుందనుకుని ఉంటాడు.

పోయిన గొంతు కోసం ఏడుస్తూ కూర్చోలేదే, అదీ నేను చెప్పేది. ఉన్నదేదో చూసుకుంది. తెల్లారుజామునే బట్టలుతికే గదిలోకి వెళ్ళి తలుపేసుకుని, రెండున్నర శ్రుతి, అంటే రెండో మెట్టుకీ మూడో మెట్టుకీ మధ్యది, పెట్టుకుని, ఒకే ఒక్క స్వరం పట్టుకుని కూర్చునేది. మొదటి నెలంతా అదొక్కటే. బరబరమనేది. పక్కింటాయన మా పెదనాన్నని పిలిచి, "మీ మోటారేమైనా పాడైందాండీ?" అని అడిగాడు. పెదనాన్న లోపలికొచ్చి నవ్వలేక నవ్వుతూ ఆ మాట చెబితే, పెద్దమ్మ తలుపు సందులోంచి, "మరమ్మతు జరుగుతోందని చెప్పండి" అంది. మళ్ళీ తలుపేసుకుంది. అలా ఎనిమిది నెలలూ మెట్టు మెట్టుగా కట్టుకుంది ఆ కింది గొంతుని.

ఇక హార్మోనియం వాయించే ఆయన. అందరూ పెట్టె మాస్టారు అనేవాళ్ళు. రంగస్థలం మీదే ఎడమ పక్కన, కాళ్ళతో తొక్కే పెద్ద పెట్టె ముందు కూర్చునేవారు. పెద్దమ్మ ఆయనకి ముందే చెప్పింది, నాకిక రెండున్నర అని. వారం రోజులు ఇద్దరూ కలిసి సాధన చేశారు, ఒక్కసారి కూడా తేడా రాలేదు. నాకు బడి సెలవులు, అప్పుడు టీచరుగా చేరి ఏడాది. వేషాలకి హుక్కులు కుట్టడానికి, జడలు కట్టడానికి వెళ్ళాను. ఆ సాయంత్రం హాలు నిండిపోయింది. చెరసాల బొమ్మ వేసిన తెర వెనక దిగింది. రాణి అడుగుపెట్టగానే జనం చప్పట్లు, ఇరవై ఏళ్ళుగా కొట్టినట్టే. అదిగో, ఆ చప్పట్లు వినగానే మాస్టారి వేళ్ళు, ఇరవై ఏళ్ళుగా ఎక్కడికి వెళ్ళాయో అక్కడికే వెళ్ళాయి. అయిదు! పెద్దమ్మ ఎత్తుకుంది. రెండు మాటలు, అంతే. పాత బట్ట చిరిగినట్టు చిరిగింది గొంతు.

హాల్లో ఒకడు నవ్వాడు. వాడి వెనక పదిమంది. "ఇంటికెళ్ళి పడుకో అమ్మా!" అని ఒకడి కేక. యజమాని పక్కతెరలోంచి, "దించండి, తెర దించండి" అంటున్నాడు. నేనా? నేనేం చెయ్యలేదే. తెర లాగేవాడి చెయ్యి పట్టుకుని ఆపానని మీ అమ్మకి చెప్పాను, అది కోతలు. పిన్నులు నోట్లో అలాగే ఉన్నాయి. వాణ్ణి ఆపింది పెద్దమ్మే, అరచెయ్యి ఇలా ఎత్తి. తర్వాత నడుచుకుంటూ పెట్టె దగ్గరికి వెళ్ళింది. తొందరేం లేదు, రాణి నడకే. మాస్టారి వేలు ఇంకా అయిదు మీదే బిగుసుకుపోయి ఉంటే, బళ్ళో పిల్లాడి చేతిలో పెన్సిలు తీసినట్టు మెల్లగా ఎత్తి పక్కన పెట్టి, తన వేలితో రెండున్నర నొక్కింది. నొక్కి ఊరుకుంది. జనం నవ్వుతున్నారు, నవ్వనిచ్చింది. ఎంతసేపని నవ్వుతారు? వాళ్ళకే విసుగొచ్చి ఆగారు. అప్పుడెత్తుకుంది. మెట్టు మీద వేలు తియ్యలేదు, పెట్టె పక్కనుంచి కదల్లేదు. పైనుంచి వచ్చి మీదపడే గొంతు కాదది, పక్కన కూర్చుని చెప్పే గొంతు. వెనక బెంచీవాళ్ళు వినపడక ముందుకి వంగారు. పాటయింది. తర్వాత, ఇందాక కేక వేసిన వైపు నుంచే, "ఇంకోసారి!" అన్నారు. యజమాని నా పక్కనే కళ్ళద్దాలు తుడుచుకుంటూ, "తల్లి వేషానికి ఇంకెవర్నో చూసుకోవాలి" అన్నాడు.

ఆ తర్వాత తొమ్మిదేళ్ళు రాణి ఆవిడే. ప్రతి ఆటలోనూ ఆ పాటకి వెళ్ళి తనే మెట్టు నొక్కేది. అది చూసి కుర్ర నటీమణులు, వాళ్ళని చూసి వేరే కంపెనీలు, అలా అలా మీ డైరెక్టరు దాకా వచ్చింది. పాపం మాస్టారినే అందరూ ఆడిపోసుకున్నారు, ముసలాడు కొంప ముంచబోయాడని. ఆయన తల వంచుకునేవారు. మళ్ళీ ఒక్కనాడూ పొరపడలేదు. ఆయన పోయిన చాలా ఏళ్ళకి, పెద్దమ్మ మంచాన పడ్డాక, నేనడిగాను. ఆయన సరిగ్గానే వాయించేవారు కదా, ప్రతిసారీ నువ్వెళ్ళి నొక్కడమెందుకని. "ఆ రోజు శ్రుతి మారిపోయిందని నాకు వినపడలేదనుకున్నావా? వినపడింది. అయిదని తెలిసే ఎత్తుకున్నాను. ఏమో, పాత గొంతు వస్తుందేమోనని. ఆయన పొరపడ్డారు, నేను ఆశపడ్డాను. మళ్ళీ ఆశపడతానేమోనని వేలు అక్కడ పెట్టుకునేదాన్ని. ఆ మాట ఆయనకి చెప్పాల్సింది" అంది.

...

లే, లే. వానొచ్చేలా ఉంది, మేడమీద బట్టలు తీసుకురా.