చెట్టు ఒప్పుకోలే

లింగంపేటలో పొద్దుగాల. ఊదాపూలు రాలుతున్న చెట్టు కింద బీడీలు చుడుతున్న అవ్వ, ఆ చెట్టు కొట్టడానికి వచ్చిన వడ్రంగి వడ్లాయన.

"అవ్వా, నిన్న మాపు చెట్టుకు ఆనిచ్చిపోయిన గొడ్డలి కింద పడ్డది."

"పడ్డదా? అయితే చెట్టు ఒప్పుకోనట్టే గద బిడ్డా. మీ వడ్లోళ్ల మాటే గది."

"మాటైతే అదే. తెల్లారేదాక గొడ్డలి నిలవడితేనే కొట్టాలె. కాని నీ కొడుకు కొత్తింటికి దర్వాజ అడుగుతుండు. ఈ కట్టె నీళ్లల్ల నానినా మురగదు. మా తాత ఇసొంటి కట్టెతోనే పోచారం చెరువుల పడవ చేసిండు."

"పడవనా? రాత్రి నాకు కలొచ్చింది. ఈ చెట్టే పడవై, పూలతోని నీళ్ల మీద పోతున్నది. ఈ చెట్టు పెట్టి, కాలం జేసిన మా ఆయన అండ్ల కూసున్నడు. రాలే పూలను ఒళ్లె పట్టుకుంటున్నడు."

"ఏమన్నడు?"

"ఏమనలే. నా దిక్కు చూసి నవ్విండు."

"రాత్రి గాలి గిట్ల వచ్చిందా?"

"ఆకు సుత కదల్లే."

"మరి గొడ్డలి పిడికి తంబాకు ఎట్ల అంటింది అవ్వా?"

అవ్వ తంబాకు అంటిన వేళ్లను కొంగుకు తుడుచుకుంది.

"సరే తియ్యి. చెట్టు వద్దన్నదని నీ కొడుకుకు నేనే చెప్త. ముందుగాల ఈ పిడి తుడువనీ."