పిల్ల ఆల్చిప్పల ఆకలి తెలిసిన సుమతి గారు

1994వ సంవత్సరం జూలై పదకొండవ తేదీ, సోమవారం నాడు, సూరత్ నుంచి కిమ్ ఊరికి వెళ్ళే దారిలోని మన మంచినీటి ఆల్చిప్పల పెంపక కేంద్రంలో శ్రీమతి సుమతి గారు సహాయకురాలిగా చేరారు. ఆనాటికి కేంద్రమంటే ఒక రేకుల షెడ్డు, నాలుగు సిమెంటు తొట్లు, ఒక మోటారు, అంతే. హజీరా ఫ్యాక్టరీలో ఇంజనీరుగా కుదిరిన భర్త పార్థసారథి గారి వెంట సూరత్‌కు వచ్చిన ఆమెను అడాజన్‌లోని పక్కింటివారు "ఇంత చదివి చిప్పలు కడగడానికి పోతావా" అని అడిగేవారట. "కడగడానికి కాదండీ, అన్నం పెట్టడానికి" అని ఆమె నవ్వేవారట.

ఆ అన్నం పెట్టడమే వారి జీవిత సాధన అయింది. పిల్ల ఆల్చిప్ప ఆవగింజంత ఉంటుంది. ఆకలైతే ఏడవదు, నిండితే చాలనదు. తొలి ఏళ్ళలో పిల్లలు పుట్టినవి పుట్టినట్టే పోతుంటే, అందరూ మేత చాలడం లేదనుకొని నాచు నీళ్ళు ఇంకా ఇంకా పోసేవారు. సుమతి గారు మాత్రం గడియారం చేతపట్టి తొట్టి పక్కన పీట వేసుకు కూర్చుని, ఆ పచ్చనీరు ఎంతసేపటికి తేటపడుతున్నదో ఏళ్ళ తరబడి రాసుకున్నారు. నీరు కదలకపోతే మేత అడుగుకు చేరి పిల్లలు పస్తుంటాయనీ, ఉరవడి ఎక్కువైతే మేత నోటి ముందు నుంచే కొట్టుకుపోతుందనీ, నాచు మరీ చిక్కనైతే తిన్నంత తిని మిగిలినది జిగురులో చుట్టి ఉమ్మేస్తాయనీ, చివరకు చిప్పలు మూసుకుంటాయనీ వారు తేల్చారు. 2003లో సాంకేతికాధికారిగా, 2014లో పెంపక విభాగానికి అధిపతిగా పదోన్నతి పొందినా, తొట్టి పక్కన ఆ పీట మాత్రం వదలలేదు.

వారి మనసు తెలిసేందుకు ఒక్క సంగతి చెప్పాలి. నాలుగేళ్ళ కిందట వానాకాలంలో నీరజ అనే అమ్మాయి మూడు నెలల పరీక్ష మీద పనిలో చేరింది. తెలంగాణ నుంచి వలస వచ్చిన మగ్గాల కుటుంబంలో, సూరత్‌లోనే పుట్టి పెరిగింది, ఎనిమిదితో చదువు ఆగింది, ఇంట్లో రెండేళ్ళ బిడ్డ. ఈ పని నిలబడకపోతే ఆ ఇల్లు నిలబడదు. ఒకనాడు సుమతి గారు ఊళ్ళో సమావేశంలో ఉండగా పెద్ద వాన కురిసింది. వాన నీటితో వచ్చే బురదే పిల్లలకు భారమని వారు ఫోన్ చేసి, "మూడో తొట్టికి మేత ఆపు, ఆపు" అన్నారు. మోటారు హోరులో నీరజ చెవికి అది గుజరాతీ 'ఆపో' అయి తగిలింది. 'ఆపో' అంటే ఇవ్వమని.

మరునాడు మూడో తొట్టి గోరింటాకు రుబ్బి కలిపినట్టుంది. రెండేళ్ళు నది గాలించి తెచ్చిన తల్లుల పిల్లలు, ఆరువందలూ చిప్పలు బిగించుకొని పడున్నాయి.

"మేత వేశావా నీరజా?"

"మీరే ఆపో అన్నరు గద మేడం. రెండుసార్లన్నరని రెండుసార్లేసిన."

మోటారు చూసే అంబదాస్ అందుకున్నాడు: "నయం, మూడుసార్లు అనలే. తొట్టిల తనే దుంకేది."

"నేను చెప్పింది తెలుగు ఆపు తల్లీ."

నీరజ తలవంచుకుంది. "రేపటి సంది రావద్దా మేడం?"

"నువ్వు రాకపోతే వీటినెవరు చూస్తారు? ఆ కుళాయి పట్టుకో."

"ఫుల్లు ఇడిస్తే గడియల సాఫైతది" అన్నాడు అంబదాస్.

"నీళ్ళతో పాటు పిల్లలూ సాఫవుతాయి. నువ్వుండవయ్యా."

సన్నని ధార, గంటకొకసారి పిసరంత ఎక్కువ. సుమతి గారు పీట మీద, నీరజ కుళాయి దగ్గర. మధ్యాహ్నం దాటినా ఇద్దరూ అన్నానికి లేవలేదు.

"మా బిడ్డ గూడ గిట్లనే మేడం, ముద్ద పెట్టంగనే నోరు మూస్తది."

"మూస్తే ఏం చేస్తావు?"

"ఇంకింత పెడ్త."

"అందుకే మూస్తుంది" అన్నారు సుమతి గారు, తొట్టి మీంచి చూపు తిప్పకుండానే.

పొద్దు వాలకముందే ఒక చిప్ప వెంట్రుక వాసి తెరుచుకుంది, తరువాత దాని పక్కది. అరవై పోయాయి, మిగిలినవి దక్కాయి. పైవారు సంజాయిషీ అడిగితే సుమతి గారు పోయిన అరవైనీ దాచలేదు, "నేను వాడిన మాట ఈ ఊళ్ళో రెండు రకాలుగా వినబడుతుంది, అది నేను ముందే ఎరగవలసింది" అని స్వదస్తూరితో రాసి, కిందనే నీరజను ఖాయం చేయాలని సిఫారసు చేశారు. ఆనాటి నుంచి మన షెడ్డులో 'ఆపు' మాట లేదు. మానాలంటే 'బంద్', పోయాలంటే 'వెయ్యి'. ఆ పిల్లల్లో నాలుగువందల పన్నెండు పెరిగి పెద్దవై నిరుడు చలికాలంలో నదికి చేరాయి.

ఈ జూన్ ముప్పయ్యవ తేదీన సుమతి గారు పదవీ విరమణ చేస్తున్నారు. మూడో తొట్టి బాధ్యత ఇప్పుడు నీరజది. మొన్న శనివారం ఆమె అడిగింది, "అనుమానమొస్తె ఫోన్ చెయ్యనా మేడం?"

"నీకు అనుమానం రాదు. ఊరికే చెయ్యి."

ముప్పై రెండేళ్ళు నోరులేని ప్రాణుల ఆకలి కనిపెట్టిన ఆ చల్లని తల్లి, ఇకనైనా తాను వేళకు తిని, కంటినిండా నిద్రపోయి, పార్థసారథి గారి తోడుగా నిండు ఆరోగ్యంతో నూరేళ్ళు వర్ధిల్లాలని మనమందరమూ మనసారా కోరుకుందాం. ఫోన్ మోగితే మాత్రం ఎత్తాలి.