ఇరవై వేల ఒక్క అంకెలు, ఒక కుంకుమ బొట్టు

1992 జూలై ఆరవ తేదీన కాటన్‌పేటలోని మన కళాశాలలో గణితోపన్యాసకురాలిగా బాధ్యతలు స్వీకరించిన శ్రీమతి ఎస్తేరు గారు, ముప్పైమూడేళ్ల అవిచ్ఛిన్న విద్యాసేవ అనంతరం ఈ అక్టోబరు ముప్పైఒకటిన పదవీ విరమణ చేస్తున్నారు. ఒంగోలు నుంచి వచ్చిన ఆ కొత్త పంతులమ్మ తొలిరోజే నల్లబల్ల మీద “నమ్మకం వేరు, నిరూపణ వేరు” అని రాశారు. ఆ మాట మనలో చాలామందికి అప్పట్లో కొరకరాని కొయ్యే.

2006లో శాఖాధిపతి అయ్యాక కూడా వారు మార్కుల్లో ఉదారులుగా, తర్కంలో కఠినులుగానే ఉన్నారు. రెండేళ్ల కిందట సహన అనే విద్యార్థిని పరుగున వచ్చి, “మ్యామ్, ఇరవై వేల అంకెలు! ఎటునుంచి చదివినా ఒకటే. ప్రైమ్ అయ్యుంటాది!” అంది. మేడమ్ కంప్యూటరు వైపైనా చూడలేదు.

“పదకొండుతో భాగం పోతుందమ్మా. అంకెలు సరిసంఖ్యలో ఉంటే, పదకొండు తప్ప అలాంటివన్నీ పోతాయి. నడుమ ఇంకో అంకె చేర్చి వెతుకు.”

ఆ పిల్ల నెలల తరబడి అంకెలు మార్చి మార్చి, ఇరవై వేల ఒక్క అంకెల సంఖ్యను పట్టింది. ప్రధాన సంఖ్యో కాదో అంచనా వేసే త్వరిత పరీక్షలన్నిటిలో ఆ సంఖ్య నెగ్గింది. ప్రిన్సిపాల్ రాజగోపాల్ గారు బ్యానరు కట్టిద్దామన్నారు. “ఇప్పటికి ‘కావచ్చు’ మాత్రమే సార్, ‘ప్రధాన సంఖ్య’ అని రాయకండి,” అని మేడమ్ అడ్డుపడి, పాత ల్యాబులోని యంత్రానికి నిరూపణ పని అప్పగించారు. అది ఏడాది లెక్క. మేడమ్ విరమణతోపాటే ఆ ల్యాబూ ఎత్తేస్తారని అందరికీ తెలుసు.

ఏడు నెలలు నడిచాక ఆయుధపూజ వచ్చింది. ల్యాబు అటెండరు పెద్దమునియప్ప భక్తిశ్రద్ధలతో యంత్రానికి కుంకుమ పెట్టి, గుమ్మడికాయ కొట్టి, ప్లగ్గు పీకేశాడు. అయ్యో, లెక్కంతా గంగపాలు!

“పండగపూట మిషనుకూ రెస్టు ఉండల్ల కదమ్మా అని ఆపేస్తిని. పాపం చేస్తిని,” అని గొల్లుమన్నాడు.

“నీ తప్పు కాదు. చేసిన లెక్కను మధ్యమధ్య దాచుకోమని దానికి నేను చెప్పలేదు,” అని మేడమ్ మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టారు. విరమణకు మిగిలింది ఏడాది, పైన పదిహేడు రోజులు. ఈసారి పండక్కి యంత్రం నడుస్తూండగానే బొట్టు పడింది. ఆదివారం చర్చి తప్పని మేడమ్ గారు పూజయ్యేదాకా ప్లగ్గు దగ్గరే కాపలా కాశారు.

ఈ నెల ఇరవైనాలుగున పెద్దమునియప్ప క్లాసులోకి దూసుకొచ్చాడు. “అమ్మా, మిషను నిలిచిపోయుండాది! నేనేం ముట్టుకోలే!”

నిలిచిపోలేదు, పని ముగించింది. ఒకటికీ తనకూ తప్ప ఎవరికీ లొంగని సంఖ్యేనని తేలింది. మేడమ్ తెరను రెండుసార్లు చదివి, కళ్ళు తుడుచుకుని, సహనకు ఫోను చేశారు: “ఇప్పుడు రాయొచ్చమ్మా.”

ఎస్తేరు గారు ఆయురారోగ్యాలతో నిండు నూరేళ్లు వర్ధిల్లుతారని మేమందరం నమ్ముతున్నాం. నిరూపణ మాత్రం, మేడమ్, మీదే బాధ్యత.