కోటల బావ కాళ్ళెక్కడ పెట్టాడు

రండర్రా, దగ్గరికి రండి. వెనకున్నవాళ్ళు ముందుకు జరగండి, మోకాలూ మోకాలూ తగిలినా ఫరవాలేదు. కూర్చున్నారా? ఇది ఏటి మీది పాత రాతి వంతెన కథ. వంతెన కథ అంటున్నాను గానీ, నిజానికి ఆ వంతెన కిందికి ఎన్నడూ తొంగి చూడని ఒక మహానుభావుడి కథ.

ఆయన గొడుగులు బాగుచేసేవాడు. ఊరంతా కోటల బావ అని పిలిచేది. మాటలు కోటలు దాటుతాయి, కాళ్ళు గడప దాటవు అంటారు చూడండి, ఆ సామెతలో సగం ఆయనకు పేరుగా పెట్టి, మిగతా సగం మర్యాద కోసం మింగేశారు.

ఇక కొక్కెం పిన్ని. వంతెన కావలివాడి కూతురు. అక్కడంతా చిత్తడి నేల. ఒక్క వాన పడితే చాలు, తుంగా గుర్రపుడెక్కా విరిగిన కొమ్మలూ కొట్టుకొచ్చి కమానుల్లో ఇరుక్కుంటాయి. పొడుగాటి కొక్కెం కర్రతో వాటిని లాగిపారెయ్యకపోతే నీళ్ళు ఎగదన్ని రాళ్ళను కదిలిస్తాయి. తండ్రికి నడుము పడిపోయాక పదకొండేళ్ళు ఆ పని పిన్నే చేసింది. కాగితంలో మాత్రం తండ్రి పేరే. ఇప్పుడాయన పోయాడు. వంతెన మొదట్లో ఉన్న ఒంటిగది ఇల్లు కావలి ఉద్యోగంతో వచ్చింది. కొత్త మనిషి వస్తే పిన్ని తట్టాబుట్టా సర్దుకోవాల్సిందే.

ఒకనాడు పొద్దున్నే రోడ్ల ఆఫీసు నుంచి కొత్త సూపర్‌వైజరు దిగాడు. వంతెన పక్క టీకొట్టులో బల్ల మీద కాగితం పరిచి, "ఈ పనిలో అనుభవం ఎవరికుంది?" అన్నాడు. పిన్ని గొంతు సవరించుకునేలోపే కోటల బావ గ్లాసు ఠపీమని బల్ల మీద పెట్టాడు.

"అనుభవమా! పోయిన వరదకి మూడో కమానులో గడ్డి ఇరుక్కుంది సార్. గుప్పెడు గడ్డి. దారిన పోతూ దిగి పీకేశాను. అంతే. గొప్పలు చెప్పుకోవడం మా ఇంటావంటా లేదు."

"గుప్పెడంటే నమ్మొచ్చు," అన్నాడు టీకొట్టాయన.

"గుప్పెడంటే నా గుప్పెడయ్యా! పీకి చూద్దును గదా, దాని వెనక వేళ్ళతో సహా ఒక మహావృక్షం. దాని వెనక గడ్డివాము. వాము మీద తాపీగా మేస్తూ ఒక గేదె! పాపం తడుస్తోందని దానికి గొడుగు పట్టి మరీ ఒడ్డుకు చేర్చాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా? కమాను నడిమిరాయి జారింది! పట్టుకోకపోతే వంతెన మొత్తం కూలిపోదూ? నెత్తి మీద ఆపాను. పైన బస్సులు పోతున్నాయి. ఖాళీ బస్సు పోతే తల దువ్వినట్టుంది. నిండు బస్సు రాగానే కిందనుంచే కేకేశాను, డ్రైవరూ, వెనక చక్రంలో గాలి తక్కువుంది చూసుకో అని!"

మూలన టీ తాగుతున్న బస్సు డ్రైవరు తల తిప్పాడు. "ఆ వరదలో మూడు రోజులు బస్సులే తిరగలేదు గద బావా?"

"నీలాంటివాళ్ళ బస్సులు తిరగలేదు. నేను మోసినవి వరదకి భయపడని బస్సులు! ఆ మూడు రోజులూ నేను కదల్లేదు. నా చంకలో చేపలు గుడ్లు పెట్టాయి. పిల్లలు బయటికొచ్చేదాకా చెయ్యి దించితే ఒట్టు. ఆ పిల్లల కోసం ఒక కొంగ నా ముక్కు మీద మాటు వేసింది. ఈకలు గిలిగింత పెట్టి తుమ్మొచ్చింది. ఆ తుమ్ముకి ఏరు ఎదురు తిరిగి ఎగువకు పారింది సార్! ఎగువ ఊరివాళ్ళు పొద్దున ఉతికి వదిలిన మురికి సాయంత్రానికి వాళ్ళ రేవుకే తిరిగొచ్చిందట. అడగండి, ఇప్పటికీ తిడతారు."

అందరూ నవ్వారు. సూపర్‌వైజరూ నవ్వాడు, కానీ కలం మూత తీశాడు. కొంగనూ తుమ్మునూ తీసేసినా గుప్పెడు గడ్డైనా మిగులుతుంది గదా అనుకున్నాడు పాపం. ఆ కలం చూడగానే పిన్ని బల్ల దగ్గరికి జరిగింది. పదకొండేళ్ళ పని, తల దాచుకునే గది, అన్నీ ఆ కలం కొసన వేలాడుతున్నాయి.

"ఒక్క మాట బావా," అంది. "మూడు రోజులు నిలబడ్డావు సరే. కాళ్ళెక్కడ పెట్టావు?"

"ఎక్కడేమిటి పిచ్చిదానా, కమాను కింద బండ ఉంది గదా, దానిమీద!"

బస్సు డ్రైవరు గ్లాసు దించి ముందుకు వంగాడు.

"ఈ ఏటి కింద బండెక్కడిది?" అంది పిన్ని. "అడుగంతా ఊబి. ఊబిలో దిగ్గొట్టిన మొద్దుల మీద కూర్చుంది వంతెన. అక్కడ ఎవరూ నిలబడరు సార్. చెక్క వేసుకుని, దానిమీద బోర్లా పడుకుని, కొక్కెంతో లాగాలి. మూడో కమానులో ఇవాళ కూడా గుర్రపుడెక్క పట్టింది. రా బావా, ఇదిగో చెక్క. పడుకో," అంటూ గట్టు మీదికి నడిచి, తాడు కట్టి ఉన్న తన చెక్క చూపించింది. వెనకే అందరూ వచ్చారు.

బావ చెక్కను చూశాడు, ఇస్త్రీ చొక్కాను చూసుకున్నాడు. "పడుకుని చేసేది ఆడవాళ్ళ పని! నేను నిలబడి చేసే రకం," అని గట్టు దిగాడు.

"వద్దు బావా, దిగబడతావు!" అని పిన్ని అరుస్తూనే ఉంది. మొదటి అడుక్కి మోకాలు. రెండో అడుక్కి నడుము. మూడో అడుగు లేదు.

"అమ్మో! పిన్నీ! తల్లీ! లాగండ్రోయ్!"

పిన్ని చెక్కను బురద మీదికి తోసింది, బోర్లా పడుకుని బల్లిలా జారింది, కొక్కెం బావ నడుంబెల్టుకి తగిలించింది. "కాళ్ళు తన్నకు. నోరూ కొంచెం మూసుకో, బురద పోతుంది," అంది. ఒడ్డున ఉన్నవాళ్ళు చెక్కకి కట్టిన తాడు లాగారు. బావ బయటికొచ్చాడు, కుడికాలి చెప్పు రాలేదు. అదే ఊపులో వెనక్కెళ్ళి పిన్ని మూడో కమాను శుభ్రం చేసి వచ్చింది.

"బావా, బండ తగిలిందా?" అన్నాడు డ్రైవరు.

సూపర్‌వైజరు కాగితం తీశాడు. తండ్రి పేరు కొట్టేసి, ఆ పక్కనే పిన్ని పేరు రాశాడు.

అక్కడితో బావ నోరు మూతపడిందనుకున్నారా? మర్నాడే టీకొట్టులో మొదలెట్టాడు. "అసలు సంగతి మీకెవరికీ తెలీదు. వంతెన కుంగుతోందని నేనే కావాలని చెప్పు వదిలొచ్చాను. ఇప్పుడు మొత్తం వంతెనను మోస్తున్నది నా చెప్పే!"

భుజాన కొక్కెం కర్రతో పోతున్న పిన్ని ఆగింది. "మొయ్యొచ్చు బావా. నీ దగ్గరున్న అన్నింట్లోకీ అదొక్కటే ఏటి అడుగు చూసింది. పైగా నోరు విప్పదు."

అదర్రా కథ. లేవండిక, పొద్దుపోయింది, ఇళ్ళకు పోయి వేడివేడిగా అన్నాలు తినండి. వెళ్ళేముందు కాళ్ళు కడుక్కోండి. రేపు నాతో ఎవరైనా ఏనుగును ఎత్తానని చెబితే మాత్రం, నేను మొదట అడిగేది మీకు తెలుసుగా?